సగం క్లచ్చు

"బండి ఎక్కడం తర్వాత సంగతి, సిస్టర్.
ముందు పడిపోయినదాన్ని లేపండి"
అన్నాడు నాగుల్‌మీరా మాస్టారు.
నల్లపాడు దారిలో మూతబడ్డ పత్తిమిల్లు వెనక
బీటల్లోంచి తుమ్మమొక్కలు లేచిన సిమెంటు గచ్చు.
దాని మీద బండి ఓ పక్కకి ఒత్తిగిలి ఉంది,
మంచాలు చాలక కింద పడుకోబెట్టిన పేషెంటులా.

నవ్వొచ్చింది నాకు.
పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నదదే కదా.
నడుం వంచకుండా, మోకాళ్లు మడిచి,
వీపు సీటుకి ఆనించి చిన్నచిన్న అడుగులు వెనక్కి వేస్తే
నూట ఇరవై కిలోలు లేచి నిలబడ్డాయి.

బ్యాచిలో నలుగురం.
డెలివరీ పనికి కుదిరిన శ్రీకోటేషు,
పాలకేంద్రం నడిపే అంకమ్మ,
దస్తావేజులు రాసే ఆదాం గారు, యాభై ఆరేళ్లకి,
ఎమర్జెన్సీ వార్డు సువార్తని నేను.
"గేరు బండి మీకెందుకమ్మా, స్కూటీ ఉండగా?"
అందరూ అడిగారు.
ఇది చేసిన పనంతా ఇన్నేళ్లూ దూదితో కడిగాను,
చేయకముందు ఎలా ఉంటుందో చూద్దామని.
పైకి మాత్రం, ఆటోచార్జీలు పెరిగాయన్నాను.

హెల్మెట్టు క్లాసు అరగంట.
"ట్యాంకు మీద పెట్టుకునేది కాదు,
మోచేతికి తగిలించుకునేది కాదు" అంటున్నాడాయన.
నేనేం మాట్లాడలేదు.
ఒక హెల్మెట్టు నాకు తెలుసు.
ధర చీటీ ఇంకా అతికే ఉంది దానికి.
ఒక్క గీత పడలేదు.
కుర్రాడొచ్చిన అరగంటకి
కానిస్టేబులు దాన్ని విడిగా తెచ్చి
కౌంటరు మీద పెట్టి వెళ్లాడు.

బకిల్ పెట్టుకున్నాను. టిక్కుమంది.
తీసి, ఇంకోసారి పెట్టుకున్నాను.

"క్లచ్చు వదలొద్దు. అలాగని పట్టుకోనూ వద్దు.
రెంటికీ మధ్య ఒకచోట బండి ఊపిరి తీస్తుంది,
అక్కడ ఆగండి."
శ్రీకోటేషుది కప్పలా గెంతి ఆగింది.
ఆదాం గారిది దగ్గి దగ్గి ఆగింది.
నేను కళ్లు మూసుకున్నాను.
నాలుగు వేళ్లూ మెల్లగా, ఇంకా మెల్లగా,
ముసలి మణికట్టు మీద నాడి వెతికినట్టు...
దొరికింది.
అరచేతి కింద సన్నగా కొట్టుకుంది.
రేజు ఇవ్వకుండానే చక్రం జానెడు ముందుకి జరిగింది.
"ఇదివరకే ఎవరో నేర్పారే!" అన్నాడు మాస్టారు.
బతికినవాళ్లూ, బతకనివాళ్లూ అని చెప్పలేదు.
"అలవాటండీ" అన్నాను.
"అయితే కళ్లు తెరవండి తల్లీ" అన్నాడు.

తర్వాత కోన్లు, నారింజ రంగువి, ఏడు.
మూడోదాన్ని నాలుగుసార్లు గుద్దాను.
"దాన్నే చూస్తున్నారు. అందుకే అది పిలుస్తోంది.
చూపెటు పోతే బండటు.
వెళ్లాల్సిన ఖాళీని చూడండి."

చూడొద్దన్నదాన్ని చూడకపోవడం
నా చదువులో లేదు.
గాయం ఎక్కడుంటే కళ్లు అక్కడే ఉండాలని జీతమిచ్చారు.
గడ్డం ఎత్తి, దూరంగా
మిల్లు పొగగొట్టం అంచున కాకి వాలిన చోటు చూశాను.
మూడో కోను పక్కనుంచి వెళ్లిపోయింది,
ముఖపరిచయం లేని మనిషిలా.

ఐదో చుట్టులో
యార్డుకి పోయే మిరప టిక్కీల లారీ రోడ్డెక్కింది.
గాలి ఇటు తిరిగింది.
హెల్మెట్టు లోపలే తుమ్మాను. అద్దమంతా మసక. ఇంజను ఆగింది.
గుంటూరులో పుట్టి మిరప ఘాటుకి బండి ఆపుకున్నదాన్ని
నన్నే చూశానంది అంకమ్మ, పొట్ట పట్టుకుని.
రెండు కాళ్లూ కింద ఆనించి
అద్దం ఎత్తి
నేనూ నవ్వాను.

ఆ రాత్రి డ్యూటీలో మోచేయి చీరుకుపోయిన పిల్లాడు.
ఏటుకూరు రోడ్డులో పడ్డాట్ట.
హెల్మెట్టు ఉంది. బకిల్ పెట్టుకున్నాడు.
"ఏం చూశావురా పడేముందు?"
"గేదె, మేడం. అడ్డమొచ్చింది. దాన్నే చూస్తా ఉన్నా."
"గేదెని కాదురా నాయనా,
గేదె తోక వెనక ఖాళీ ఉంటుంది, దాన్ని చూడాలి."

డాక్టరుబాబు తలెత్తి నావైపు చూశాడు.
ఆరో కుట్టుకి కుడిచేత్తో కత్తెర అందిస్తున్నాను.
ఎడమచేతి వేళ్లు మాత్రం
గాల్లో దేన్నో
విడిచీ విడవనట్టు.